కొండ కనపడే కిటికీ ఏది?

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర సందులో నాదొక చిన్న టికెట్ల అంగడి. రైలు, బస్సు, విమానం, ఏది కావాలన్నా తీసిస్తాను. విమానం టికెట్టుకు వచ్చేవాళ్ళలో సగం మంది ఒకటే మాట అంటారు: "అన్నా, కిటికీ పక్కన వెయ్యి." ఏ పక్క కిటికీ అని నేను ఎదురు అడిగితే మాత్రం నా మొహం చూస్తారు. కిటికీ అంటే కిటికీనే గదా, ఇందులో బేరమేముంది అన్నట్టు.

నేనూ మొదట్లో అట్లాగే అనుకున్నాను. మా అమ్మ చేత మాట పడ్డాకే తెలిసొచ్చింది.

ఆమెకు విమానం ఎక్కడం అదే మొదలు. హైదరాబాదులో మా చెల్లెలింటికి పోవాలి. "పైనుంచి మన కొండ కనపడుతుందంట గదరా, చూడాలనుంది" అనింది. నేను గొప్పగా అదనంగా డబ్బు కట్టి 14ఏ వేయించాను. అచ్చంగా కిటికీ పక్క సీటే. దిగీ దిగగానే ఫోన్ చేసింది. "కొండ చూపిస్తానని రేకు చూపించినావు గదరా నాయనా. గంటసేపు ఆ తెల్లరేకు తప్ప ఇంకేం కనపడలే."

ఆ రేకు విమానం రెక్క. సీటు నంబరు చూసి వేశానే గానీ, ఆ నంబరు దగ్గర రెక్క ఉంటుందని నాకు తట్టలేదు. టికెట్లు అమ్ముకునే నాకే తట్టలేదంటే, ఏడాదికొకసారి ఎక్కేవాళ్ళ సంగతి చెప్పాలా. ఆ రోజు నుంచి ఎర్ర అట్ట పద్దు పుస్తకం ఒకటి పెట్టాను. పోయొచ్చినవాళ్ళు అంగడి ముందు కనపడితే చాలు, పిలిచి అడుగుతాను: ఏ సీటు, ఏ వేళ, ఏమేం కనపడింది. కొందరు విసుక్కుంటారు. కొందరు టీ తాగుతూ అర్ధగంట చెప్తారు. ఇక్కడ రాస్తున్నదంతా ఆ పుస్తకంలోదీ, నేను ఎక్కి చూసినదీ.

మొదట దిక్కు తేల్చుకోవాలి. నా టేబుల్ అద్దం కింద దేశం మ్యాపు పరిచి ఉంటుంది. పాత పెళ్ళిపత్రిక అట్టతో చిన్న విమానం కత్తిరించి, ఎడమ రెక్క మీద ఏ అనీ కుడి రెక్క మీద ఎఫ్ అనీ రాసి పెట్టుకున్నాను. ఎక్కడికి పోవాలో అడిగి, అట్ట విమానం ముక్కును అటు తిప్పి పెడతాను. ఏ పక్కన ఏముందో వాళ్ళకే కనపడిపోతుంది. మీకు అట్ట అక్కర్లేదు, ఫోనులో మ్యాపు తెరిచి, పోయే ఊరు పైకి వచ్చేట్టు తిప్పుకుంటే చాలు. మ్యాపులో ఎడమ పక్క ఉన్నవన్నీ ఏ కిటికీలోవి, కుడి పక్కవి ఎఫ్ కిటికీలోవి. వరసకు ఆరు సీట్లుండే విమానాలలో అక్షరాలు ఇవే. చిన్న విమానాలలో కూడా ఎడమ చివర ఏ, కుడి చివర ఆఖరి అక్షరం.

ఇప్పుడు హైదరాబాదు లెక్క చూడండి. మనకు అది దాదాపు నేరుగా ఉత్తరం, కొంచెం పడమటికి వాలి ఉంటుంది. అంటే పోయేటప్పుడు ఎడమ కిటికీ పడమటికి, కుడి కిటికీ తూర్పుకు. తిరుమల కొండ రేణిగుంట విమానాశ్రయానికి పడమటి తట్టు, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. కాబట్టి పోయేటప్పుడు ఏ, వచ్చేటప్పుడు ఎఫ్. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతాది చదవకపోయినా నష్టం లేదు.

కానీ ఈ దారి కొండతో అయిపోదు. ఆదిశేషుడు పడుకుని ఉన్నాడు, పడగ తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అని మన పెద్దవాళ్ళు చెప్తారు గదా. మా తాత చెప్పినప్పుడు నిద్రపుచ్చడానికి చెప్పే కథ అనుకున్నాను. హైదరాబాదు విమానంలో ఎడమ పక్క కూర్చున్న రోజు, ఈ మాట మొదట అన్నవాడు ఏ విమానం ఎక్కి చూశాడో అనిపించింది. శేషాచలం వదలగానే పాలకొండలు, తూర్పున వెలికొండలు, ఆ పైన నల్లమల. ఒకదాని వెనక ఒకటి మెలికలు తిరుగుతూ ఉత్తరానికి పాకుతూ పోతాయి. ఎగిరిన పావుగంట లోపలే పెన్న కనపడుతుంది. కొండలను కోసుకుని తూర్పుకు బయటపడే చోట సోమశిల జలాశయం, వేళ్ళు చాచిన చెయ్యిలాగా నీళ్ళు ప్రతి లోయలోకీ దూరి ఉంటాయి. అది సరిగ్గా మన దారి కిందే పడుతుంది గనక, ఆ రోజు విమానం కాస్త ఎటు జరిగితే దాని అవతలి పక్కవాళ్ళకు కనపడుతుంది. అహోబిలం ఎడమ పక్క, దూరంగా. గుడి కనపడదు, ఆశపడొద్దు. నల్లమల మడతలు మాత్రం కనపడతాయి, మడతకూ మడతకూ మధ్య పొద్దున పూట మంచు తెల్లగా పరుచుకుని ఉంటుంది.

అసలు విందు శ్రీశైలం. అక్కడికి వచ్చేసరికి విమానం హైదరాబాదులో దిగడానికి కిందికి వాలడం మొదలుపెట్టి ఉంటుంది, అందుకే నేల దగ్గరైనట్టు ఉంటుంది. అంత పెద్ద కృష్ణ, ఇరుకు లోయలో పడి పాము కుబుసం విడిచినట్టు మెలికలు తిరిగి పోతుంది. డ్యాము మన దారికి కాస్త కుడి పక్కన, దాని వెనక నిలిచిన నీళ్ళు ఎడమకు పడమటి దాకా. ఏ పక్క కూర్చున్నా ఏదో ఒకటి దక్కుతుంది. ఆగస్టు, సెప్టెంబరులో ఎగువ నుంచి వరద వచ్చిన ఏడాది, గేట్లెత్తిన రోజు కుడి పక్క కూర్చున్న ఒక రేణిగుంట ఆయన నాకు రాయించిన మాట: "పాలు పొంగినట్టు పొగ." ఆయన సీటు 6ఎఫ్. నేనింకా ఆ దృశ్యం చూడలేదు. ఆ పేజీ తెరిచినప్పుడల్లా కడుపు మండుతుంది.

రాత్రి విమానమైతే ఈ దారంతా వేరు. కడప, నంద్యాల దీపాలు ఎడమ పక్క దూరంగా చెదిరిన నిప్పురవ్వల్లా ఉంటాయి. నల్లమల మీదికి వచ్చేసరికి ఒక్క దీపం ఉండదు. చాలాసేపు నల్లటి చీకటి. భయపడేవాళ్ళు ఉంటారు గానీ, అడవి ఎంత పెద్దదో నాకు తెలిసింది ఆ చీకటిలోనే.

ఇక మన కొండ దగ్గరికి వద్దాం, అందరూ అడిగేది దాన్నే. రెండు సంగతులు. ఒకటి, ఆనంద నిలయం బంగారు గోపురం పైనుంచి తళతళా మెరుస్తూ కనపడుతుందని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. అంత దూరం నుంచి అంత చిన్న గోపురాన్ని కంటితో పట్టుకోవడం కష్టం. కొండ కనపడుతుంది, ఊరి ఇళ్ళు తెల్లటి మరకలా కనపడతాయి, అదృష్టం ఉంటే ఘాట్ రోడ్డు గీత కనపడుతుంది. గుడి మీదుగా పోతే బాగుండునని కొందరు అంటారు. ఆగమం ప్రకారం ఆలయం మీద ఏదీ ఎగరకూడదని దేవస్థానం చాలా ఏళ్ళుగా కేంద్రాన్ని అడుగుతూనే ఉంది. ఆ సంగతి పక్కన పెట్టినా, కొండను నడినెత్తి మీద నుంచి చూస్తే చదునుగా, పచ్చటి దుప్పటిలా ఉంటుంది, అంతే. పక్కనుంచి చూస్తేనే అది కొండ. సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు, మన ఊరి తట్టు నిలువుగా నిలబడ్డ రాతిగోడ, పొద్దుటి ఎండ పడితే ఇటుకరాయి రంగు.

రెండోది గాలి. రేణిగుంట రన్‌వే ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంది. విమానం ఎగిరినా దిగినా ఎదురుగాలికే. వానాకాలంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు పడమటి గాలి. అక్టోబరు నుంచి ఈశాన్యపు గాలి. తూర్పుకు ఎగిరి ఉత్తరానికి తిరగాలంటే ఎడమకు మలుపు తిరగాలి. మలుపు ఎటో ఆ పక్క రెక్క కిందికి వంగుతుంది. వంగిన పక్క కిటికీ నిండా నేలే, ఎదుటి పక్కవాళ్ళకు ఉత్త ఆకాశం. అందుకే శీతాకాలంలో హైదరాబాదు పోయేవాళ్ళకు నేను కళ్ళు మూసుకుని ఏ వేస్తాను. స్వర్ణముఖి ఇసుక, చుట్టూ చెరువులు, వాటి వెనక కొండ, అన్నీ ఆ మలుపులోనే వస్తాయి. పడమటికి ఎగిరిన రోజున మాత్రం మొదటి రెండు నిమిషాలు కొండ కుడి పక్క ముందు తట్టుకు ఉంటుంది. తర్వాత పైలట్ ఎటు తిప్పితే అటు. ఆ రెండు నిమిషాలు పోయాయని ఏడవకండి, ఉత్తరానికి తిరిగాక కొండ ఎడమకు రాక తప్పదు.

వచ్చేటప్పుడు కూడా అదే లెక్క. ఉత్తరం నుంచి దిగి వస్తున్నంతసేపూ కొండ కుడి పక్క. పడమటి గాలి ఉండి తూర్పు తట్టు నుంచి దిగాల్సి వస్తే, కుడికి మలుపు, కుడి రెక్క వంగుతుంది, ఎఫ్ వాళ్ళకు పండగ. తూర్పు గాలి రోజున ఊరి మీదుగా పడమటి నుంచి దిగితే మాత్రం ఆఖరి నిమిషాలలో కొండ ఎడమకు మారిపోతుంది. ఫ్లైట్‌రాడార్24 అనే యాప్‌లో మీరెక్కబోయే విమానం నంబరు కొడితే, నిన్నా మొన్నా అది ఏ దారిన పోయిందో, ఏ కొస నుంచి దిగిందో గీత గీసి చూపిస్తుంది. నేను టికెట్టు తీసేముందు మూడు నాలుగు రోజుల గీతలు చూస్తాను. అంత ఓపిక లేనివాళ్ళకు పైన చెప్పిన రెండు అక్షరాలు చాలు.

దిక్కు తర్వాత ఎండ. ఎండ పడే పక్క కిటికీ అద్దం మీద ఉన్న గీతలన్నీ వెలిగిపోతాయి, బయట పొగమంచులా తెల్లగా కనపడుతుంది, ఫోటోలు పాడు. ఎండకు ఎదురుపక్క కూర్చుంటే అదే నేల కడిగినట్టు ఉంటుంది. హైదరాబాదుకు పొద్దున విమానమైతే ఎండ కుడి పక్క, కొండ ఎడమ పక్క, రెండూ కలిసొచ్చాయి. సాయంత్రం నాలుగు గంటల విమానమైతే చిక్కే. కొండ ఉన్న పక్కే ఎండ. కొండ నల్లటి నీడలా కనపడుతుంది. భక్తికి అది చాలుననే వాళ్ళకు ఏ వేస్తాను, చెరువులూ పొలాలూ చూడాలనే వాళ్ళకు ఎఫ్ వేస్తాను. సూర్యాస్తమయం చూడాలనే వాళ్ళ సంగతి సరేసరి, వాళ్ళు ఎండ పక్కే కూర్చోవాలి.

తూర్పు పడమరలుగా పోయే విమానాలకు ఇంకో చిన్న సంగతి ఉంది. సూర్యుడు మన తిరుపతికి సరిగ్గా నడినెత్తిన వచ్చేది ఏడాదికి రెండు రోజులే, ఏప్రిల్ ఆఖర్లో ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి. ఆ రెంటి మధ్య మధ్యాహ్నం పూట ఉత్తరానికి వాలి ఉంటాడు. మిగతా ఏడాదంతా దక్షిణానికే. బెంగుళూరు మనకు పడమర కదా. డిసెంబరులో మధ్యాహ్నం పోతే ఎడమ కిటికీ దక్షిణం, మొహాన ఎండ. కుడి కిటికీ ఉత్తరం, హాయి. అదృష్టం కొద్దీ చూడవలసినవీ కుడి పక్కే ఉన్నాయి: తిరుమల, కల్యాణి డ్యాము, తలకోన అడవి, మదనపల్లె దాటుతుండగా హార్సిలీ కొండలు, దిగేముందు నంది కొండ. చిత్తూరువాళ్ళు మాత్రం ఎడమ పక్క కూర్చుంటామంటారు, వాళ్ళ ఊరు అటు పడుతుందని. ఊరి మీద మమకారానికి ఎండ లెక్కా!

ఇక మా అమ్మను ముంచిన రెక్క. మామూలుగా మనకు దొరికే ఏ320 విమానంలో ఎమర్జెన్సీ తలుపులు రెక్క మీదికి తెరుచుకుంటాయి. సీట్ల బొమ్మలో ఆ తలుపు గుర్తు ఎక్కడుందో చూసుకోండి, ఎక్కువగా 12, 13 వరసలు. దానికి మూడు నాలుగు వరసలు ముందూ, ఏడెనిమిది వరసలు వెనకా రెక్క రాజ్యమే. కాబట్టి 7వ వరస లోపల, లేదంటే 22వ వరస దాటి. ముందు కూర్చుంటే చూపుకు ఏదీ అడ్డం రాదు. వెనక కూర్చుంటే ఇంజను వదిలే వేడిగాలికి నేల దోసెపెనం మీది గాలిలా అల్లాడుతుంది, ఫోటో స్పష్టంగా రాదు. అయితే వెనక వరసలకు చాలాసార్లు తక్కువ డబ్బు, ఒక్కోసారి ఉచితం. పైగా సాయంత్రం పూట రెక్క కొస ఎర్రబడి, దాని వెనక మబ్బులు, ఆ బొమ్మ ముందు సీట్లవాళ్ళకు రాదు. డబ్బు మిగుల్చుకోవాలనే కుర్రాళ్ళకు నేను వెనకే వేస్తాను.

ఎమర్జెన్సీ వరసలో కాళ్ళు చాపుకోవచ్చని కొందరు అడుగుతారు. కిందికి చూస్తే రెక్క తప్ప ఏమీ ఉండదు. పిల్లలకూ, గర్భిణులకూ, తలుపు తీయలేని పెద్దవాళ్ళకూ అక్కడ సీటు ఇవ్వరు కూడా.

ఏటీఆర్ అని ఫ్యాను తిరిగే చిన్న విమానం ఉంటుంది. దాన్ని చూసి మొహం మాడ్చుకునేవాళ్ళే ఎక్కువ. చూడటానికి దాన్ని మించింది లేదంటాను నేను. దాని రెక్క కిటికీకి పైన ఉంటుంది, గొడుగు పట్టినట్టు. కిందంతా మనదే. పైగా పెద్ద విమానమంత ఎత్తుకు పోదు, నెమ్మదిగా పోతుంది. చెరువు గట్టు మీద తాటిచెట్ల వరస లెక్కపెట్టొచ్చు, కాస్త అతిశయోక్తి అనుకోండి. ముందు తట్టు వరసల్లో ఫ్యాను, ఇంజను కిటికీకి అడ్డం వస్తాయి, చప్పుడూ ఎక్కువే. నేను వెనక సగంలో వేస్తాను. ఎక్కేదీ దిగేదీ వెనక తలుపు నుంచే గనక తొందరగా బయటపడొచ్చు కూడా.

కిటికీ సీటు అని డబ్బు తీసుకుని గోడ పక్కన కూర్చోబెట్టే ఘనకార్యం ఒకటుంది. బోయింగ్ 737లలో రెక్కకు కొంచెం ముందు ఒకచోట కిటికీయే ఉండదు. ఏసీ గాలి గొట్టం ఆ గోడలోంచి పైకి పోతుంది. మా వీధి చివరి బట్టలంగడి ఆయన కొత్త కోడలితో పోతూ ఆమెకు ఆ సీటు పడింది. వచ్చి నా మీద అరిచాడు. సంస్థవాళ్ళను అడిగితే సీట్ల బొమ్మలో గుర్తు ఉంది అన్నారు, నాకైతే కనపడలేదు. ఇంకోటి, కిటికీలు విమానం తయారుచేసినవాళ్ళు పెట్టినచోటే ఉంటాయి, సీట్ల మధ్య ఎడం మాత్రం నడిపేవాళ్ళ ఇష్టం. రెండూ కలవక, కొన్ని వరసల్లో కిటికీ మీ భుజం వెనక్కి పడుతుంది. మెడ తిప్పీ తిప్పీ నొప్పెడుతుంది. కూర్చోగానే ముందు వరస ఖాళీగా ఉంటే, తలుపులు వేశాక ఎయిర్‌హోస్టెస్‌ను అడిగి మారొచ్చు. అడగకుండా మారొద్దు.

తక్కిన దారులు తొందరగా చెప్పేస్తాను. విశాఖకు ఎడమ. నెల్లూరు తీరం దాటినప్పటి నుంచి విమానం దాదాపు సముద్రం అంచునే పోతుంది. కృష్ణ దీవులు, అంతర్వేది దగ్గర గోదావరి బురదనీళ్ళు సముద్రంలో కలిసే గీత, కోనసీమ పచ్చదనం, కాకినాడ ముందు ఇసుక కొక్కెంలా హోప్ ఐలాండ్, అన్నీ ఎడమ పక్కే. కుడి పక్కవాళ్ళకు నీళ్ళు, నీళ్ళు, ఒక ఓడ. అయితే విశాఖలో ఐఎన్ఎస్ డేగ అనే విమాన స్థావరం నేవీ వాళ్ళది, రక్షణశాఖ రన్‌వేలు ఎక్కడైనా సరే, ఎగిరేటప్పుడు దిగేటప్పుడు ఫోను లోపల పెట్టేయండి. చెన్నైలో ఎక్కి విశాఖకో కలకత్తాకో పోయేవాళ్ళకు ఎగిరిన కొద్దిసేపటికే ఎడమ పక్క పులికాట్ సరస్సు, దానికీ సముద్రానికీ మధ్య సన్నటి శ్రీహరికోట. చెన్నై నుంచి కొలంబోకు పోతే కుడి పక్క. శ్రీలంక దగ్గరపడేముందు ధనుష్కోటి నుంచి మన్నారు దాకా నీళ్ళలో లేత రంగు ఇసుక తిన్నెల వరస కనపడుతుంది. రామసేతువు అదే. మబ్బు లేకపోతేనే సుమా.

పశుపతినాథుడికీ ముక్తినాథ్‌కూ పోయే యాత్రికులు మా దగ్గరికి గుంపులుగా వస్తారు. ఢిల్లీ నుంచి కాఠ్‌మాండూకు ఎడమ, తిరుగు ప్రయాణంలో కుడి. హిమాలయాలు ఉత్తరాన ఉన్నాయి, విమానం తూర్పుకు పోతుంది, అంతకన్నా లెక్క లేదు. ఢిల్లీ నుంచి బాగ్డోగ్రా, గువాహటి దారిలోనూ అంతే. అక్టోబరు, నవంబరులో గాలి కడిగినట్టు ఉన్న రోజున కాంచనగంగ 8,586 మీటర్లు విమానం పక్కన నడుస్తున్నట్టు ఉంటుంది. లేహ్‌కు మాత్రం ఏ పక్కైనా మంచుకొండలే. మధ్యాహ్నం గాలులు ఎక్కువవుతాయని ఆ విమానాలు ఎక్కువగా పొద్దున్నే పోతాయి. ఎండ కుడి పక్క ఉంటుంది గనక ఎడమ పక్క వేయించుకుంటే మంచు కళ్ళకు కొట్టదు.

కువైట్‌కు పోయే రాయచోటి తమ్ముళ్ళు కిటికీ అడగరు. రాత్రి విమానం, అటు పక్క ఏముంది చూడటానికి, నడవ పక్కే వెయ్యన్నా అంటారు. మొదటిసారి పోయేవాడు మాత్రం కిటికీ అడుగుతాడు. వాడెందుకు అడుగుతాడో నాకు తెలుసు గనక, సీటు ఏ పక్కో వెతికి, మన నేల ఎక్కువసేపు కనపడేది చూసి వేస్తాను.

సీటు ఎప్పుడు పట్టాలి? చాలా సంస్థలు బయలుదేరడానికి 48 గంటల ముందు వెబ్ చెకిన్ తెరుస్తాయి. తెరిచిన గంటలోపల ఫోను పట్టుకున్నవాడికి ఉచితంగానో తక్కువకో వెనక కిటికీలు దొరుకుతాయి. పండగ రోజుల్లో అది నమ్ముకోకండి, టికెట్టుతో పాటే డబ్బు కట్టి పట్టుకోండి. మీరు కట్టి పట్టుకున్న సీటులో ఇంకొకరు కూర్చుని "అదేం ఫర్వాలేదు, మీరు ఇటు కూర్చోండి" అంటే మొహమాటపడొద్దు. బోర్డింగ్ పాసు చూపించి లేవమనండి. ఒక్క సందర్భం వదిలేస్తాను, చిన్నపిల్ల కిటికీకి మొహం అంటించుకుని ఉంటే.

కూర్చున్నాక చేయవలసినవి పెద్దగా లేవు. పొడి గుడ్డతో లోపలి అద్దం తుడవండి, ముందు కూర్చున్నవాళ్ళ తలనూనె ఉంటుంది. ఫోను అద్దానికి దగ్గరగా పెట్టండి గానీ తగిలించొద్దు, అద్దం అదురుతూ ఉంటుంది. ఫ్లాష్ తీసేయండి. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు పెట్టుకుంటే కిటికీలో రంగుల చారలు తేలతాయి, అవి కిటికీవే, ఆకాశానివి కావు. రాత్రి పూట లోపలి లైటు అద్దంలో పడి బయట ఏమీ కనపడదు. తువ్వాలు తల మీద కప్పుకుని, దాని అంచు కిటికీకి ఆనించి చూడండి. పక్కవాళ్ళు నవ్వుతారు. రెండు నిమిషాల తర్వాత నాకూ ఇవ్వండి అంటారు.

మబ్బు రోజైతే కిటికీ వృథా అనుకోకండి. ఎండకు ఎదురుపక్క కూర్చుని కింద మబ్బుల మీద విమానం నీడ కోసం వెతకండి. దాని చుట్టూ గుండ్రంగా ఇంద్రధనుస్సు ఉంటుంది, ఉత్సవ విగ్రహం వెనక ప్రభావళిలాగా. మబ్బు దగ్గరైనప్పుడు నీడ పెద్దదై, ఆ రంగుల వలయం నడిబొడ్డు ఎక్కడుందో తెలుస్తుంది. అది సరిగ్గా మీ సీటు నీడ పడే చోటు. వెనక వరసలో కూర్చున్నవాడికి వలయం తోక దగ్గర ఉంటుంది, ముందు కూర్చున్నవాడికి ముక్కు దగ్గర. ఎవరి ప్రభావళి వాళ్ళకు.

రెండు నెలలు చెల్లెలి దగ్గర ఉండి అమ్మ తిరిగి రావడం ఆగస్టులో. ఈసారి నేను కూడా పోయి వెంట తీసుకొచ్చాను. సాయంత్రం విమానం, 5ఎఫ్ ఆమెకు, 5ఈ నాకు. ఎక్కగానే కిటికీ అద్దం అడుగున ఉన్న చిన్న చిల్లు చూసి, "ఇది పగిలిపోయిందిరా, చెప్పు వాళ్ళకు" అని వేలు అడ్డం పెట్టబోయింది. ఆ కిటికీకి పొరలు పొరలుగా అద్దాలుంటాయనీ, బయటిది బరువంతా మోస్తుందనీ, ఆ చిల్లు నడిమి దానికనీ, అద్దాల మధ్య గాలి ఒత్తిడి సమం కావడానికీ లోపల ఆవిరి పట్టకుండా ఉండడానికీ కావాలనే పెట్టారనీ చెప్పాను. పైకి పోయాక ఆ చిల్లు చుట్టూ మంచు పువ్వులా పూసింది. అరగంట సేపు దాన్నే చూసింది, శ్రీశైలం చూడమంటే కూడా వినలేదు.

దిగేముందు పొద్దు గుంకిపోయింది. పడమటి ఆకాశం ఇంకా కాస్త ఎర్రగా ఉంది, దాని ముందు కొండ నల్లగా. విమానం కుడికి వంగింది. కొండవాలున సన్నగా ఒక దీపాల గీత. అమ్మ రెండు చేతులూ జోడించింది గానీ కళ్ళు మూయలేదు.

"అది నడకదారే గదరా?"

"అవును."

"మోకాళ్ళ మిట్ట దగ్గర దీపాలు తక్కువున్నట్టున్నాయే."

అది మోకాళ్ళ మిట్టో కాదో నాకు తెలియదు. ఆమె వయసులో ఉన్నప్పుడు ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కలేదు గనక ఎదురు చెప్పలేదు. పోయిన వారం అంగడికి వచ్చి, బెంగుళూరులో మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళికి టికెట్టు తీయమంది. నేను అట్ట విమానం తీసేలోపలే చెప్పేసింది: "ఎఫ్ వెయ్యి. ఏడో వరస లోపల."